మార్తమ్మ గొంతుకు చోటు

మెదక్,
11 అక్టోబర్ 1948, సోమవారం

చిరంజీవి కృపాదానానికి వదిన లిడియా దీవెనలు.

గాబ్రియేలు సెప్టెంబర్ 19, ఆదివారం తెల్లవారుజామున నర్సాపూర్ అడవి దగ్గర తాను నడిపే లారీ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తరువాత అతన్ని మన ఊరివాళ్లెవరూ చూడలేదు.

తెలిసినంతవరకు రాస్తున్నాను. ఆగస్టులో తుపాకులున్నవాళ్లు ఆ లారీని పట్టుకున్నారు. డ్రైవరు కావాలి కనుక గాబ్రియేలును కూడా ఉంచుకున్నారు. దిగిపోతానంటే దిగనివ్వలేదు. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, లారీ వెనక ఎక్కి తిరిగినవాళ్లు తలా ఒక దిక్కు పోయారు. స్టీరింగు ముందు కూర్చున్నవాడి ముఖం మాత్రం అందరికీ గుర్తుంది. ఆ లారీ వెళ్లిన కుల్చారంలో ఎవరో "ముందుగాల డ్రైవర్ను దొరకవట్టుండ్రి" అన్నారట. ఆ మాట అతని చెవిన పడింది.

మన వెనకింటి మార్తమ్మకు అతనొక్కడే కొడుకని నీకు తెలుసు. కొత్తగా వచ్చిన అధికారి దగ్గరకు మీ అన్న ఆమెను తీసుకొని వెళ్లారు. అధికారి ఫైలు తెప్పించి చూశాడు. గాబ్రియేలు మీద కేసు లేదు. బలవంతంగా లారీ నడిపించారని కుల్చారంవాళ్లే వాంగ్మూలం ఇచ్చారు. ఇంటికి రావచ్చు అన్నాడు. ఈ మాట అతనికి చేర్చడం ఎట్లా? చిరునామా లేదు.

నువ్వు రేడియో ఆఫీసులో ఉన్నావు కదా, అతని పేరు చదివించగలవా? నేను ఇట్లా రాస్తున్నానంటే మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. "నా కొడుకు ఉత్తరం నమ్మడు టీచరమ్మా, మనిషిని నమ్మడు. పట్టియ్యనీకె పిలుస్తున్రు అనుకుంటడు" అంది. అయినా అడుగుతున్నాను.

బడి తెరిచాం. పిల్లలు పలకల మీద విమానాలు గీస్తున్నారు. వాటిని చెరిపించి కూడికలు చేయించడం పెద్ద పనిగా ఉంది. మీ అన్న దవాఖానాలో మందులు కలిపి, సాయంత్రం వచ్చి హార్మోనియం ముందు కూర్చుంటున్నారు. కంపౌండరు వేళ్లకు మందు వాసన, హార్మోనియానికీ అదే వాసన.

నీ వదిన,
లిడియా

*

హైదరాబాద్,
20 అక్టోబర్ 1948

వదిన గారికి నమస్కారాలు.

పేరు చదివించడం కుదరదు. తప్పిపోయినవాళ్ల పేర్లు చదవాలంటే మిలిటరీ ఆఫీసు నుంచి కాగితం రావాలి. అడిగాను. ముందు చాలామంది ఉన్నారు, తొందరలో కాదన్నారు. చదివినా గాబ్రియేలు నమ్ముతాడని నేనూ అనుకోను.

ఇంకో సంగతి. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం మెదక్ చర్చి పాట ప్రసారం చేద్దామని ఇక్కడ నిర్ణయించారు. పాటబృందాన్ని నడిపేది మా వదినేనని చెప్పాను. సామాను బండిలో వేసుకొని మేమే వస్తాం. నవంబర్‌లో ఒకసారి మచ్చుకు తీస్తాం, డిసెంబర్‌లో అసలుది. ఇరవై మంది చాలు. మూడు చరణాల కీర్తన ఒకటి సిద్ధం చేయండి. ఇంట్లో దుఃఖం ఉన్నవాళ్లను బలవంతపెట్టకండి.

నా ఉద్యోగం ఏమిటో అర్థం కాలేదని పోయినసారి రాశారు. మా ఇంజినీర్ సాబ్ దగ్గర నేను సహాయకుణ్ణి. పాడేవాళ్ల ముందు మైకులు పెడతాం. ఒక్కో మైకుకు ఒక్కో మర. ఏ మర ఎంత తిప్పితే అన్ని శబ్దాలూ తమతమ చోట్లలో ఉండి ఒకే పాటగా వినిపిస్తాయో చూడటం మా పని. దాన్ని కలపడం అంటాం.

మీ మరిది,
కృపాదానం

*

మెదక్,
3 నవంబర్ 1948

చిరంజీవి కృపాదానానికి,

పాటకు ఒప్పుకున్నాం. రేడియో అనగానే బృందంలోని ఎలిశిబా కొత్త చీర కావాలంది. "ఎవ్వలకు కనవడవే" అని పక్కామె అంటే, "కనవడకపోతేంది, నాకు తెలుస్తది గద" అంది. మేము బియ్యం, పప్పు కలిపి కిచిడీ వండుతాం. నువ్వు గొంతులు కలిపి ఏం వండుతావో చూద్దాం.

మన పద్ధతి మరిచిపోయి ఉంటావు, గుర్తు చేస్తున్నాను. ఇక్కడ పుస్తకం చూసి అందరూ ఒకేసారి మొదలుపెట్టరు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు అందుకుంటారు. నీ మరలకు ఇది అడ్డమైతే ముందే చెప్పు.

మార్తమ్మ సంగతి ఒకటి ఉంది. కాగితం మీద రాయను. ఉత్తరాలు దారిలో తెరుస్తున్నారని చెబుతున్నారు. వచ్చినప్పుడు చెప్తాను.

లిడియా

*

హైదరాబాద్,
18 నవంబర్ 1948

వదిన గారికి,

శుక్రవారం తీసిన మచ్చు రికార్డు బాగానే వచ్చింది. చీకటి పడేలోగా నర్సాపూర్ అడవి దాటాలని వెంట వచ్చిన సైనికులు తొందరపెట్టారు. అందుకే మీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. మధ్యాహ్నమంతా చర్చి పక్కనే ఉండి కూడా నేను బండి దిగలేదు. పాడేవాళ్లను చూడలేదు, విన్నాను. మాలో పద్ధతి అదే. చూస్తూ కలిపితే కనబడినవాడే వినబడినట్టు ఉంటుందని ఇంజినీర్ సాబ్ అంటారు.

మార్తమ్మ సంగతి రాయనన్నారు. నాకు అర్థమైంది. ఆమెను నేనేమీ అడగను.

రికార్డు విషయం. మొదట ఒక్క మైకే పెట్టించాం. పెద్దవాళ్లను ముందు నిలబెట్టారని వింటేనే తెలిసింది. ముసలి గొంతులు, ఒకాయన దగ్గు, అన్న హార్మోనియం తిత్తి చప్పుడు చెవి పక్కన ఉన్నాయి. పడుచువాళ్లు పక్క ఊళ్లో పాడుతున్నట్టు ఉన్నారు. మైకుకు పెద్దరికం తెలియదు, దూరం ఒక్కటే తెలుసు. మెత్తటి గొంతులను ముందుకు తెండి, గట్టివాటిని వెనక్కి పంపండి.

హార్మోనియం ఆడవాళ్ల గొంతులున్న ఎత్తులోనే మోగుతోంది. అందుకే వాళ్ల మాటలు మూసుకుపోతున్నాయి. అన్నను కింది స్వరాల మెట్ల మీద వాయించమనండి. ఎవరినీ పెంచనక్కర లేకుండానే మాటలు బయటపడతాయి. మా సాబ్ ఎప్పుడూ చెప్పేది ఇదే: ఒకటి వినబడకపోతే ముందు దాన్ని కప్పుతున్నది ఏదో చూడు.

తరువాత జరిగింది మీకు సరిగా చెప్పగలనో లేదో. రెండో మైకును చర్చి వెనక, తలుపు దగ్గర, పొడవాటి కర్రకు కట్టించాను. దాని మర మూసే ఉంచాను. అప్పటిదాకా నా చెవుల్లో ఉన్నది ఇరవై మంది మనుషులు, అంతే. ఆ మర కొంచెం తిప్పాను. వాళ్ల చుట్టూ స్తంభాలు లేచాయి, పైన కప్పు లేచింది. ప్రతిధ్వని రాకూడదని ఆ కప్పుకు పూత పూశారని పెద్దలంటారు. అయినా ఆగిన పాట అక్కడ వెంటనే ఆగదు. పైకి పోతుంది, కొంచెంసేపు అక్కడ ఉంటుంది, మెల్లగా దిగుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ చర్చిలో కూర్చున్నాను వదినా. అది ఎంత పెద్దదో బయట బండిలో కూర్చొని మొదటిసారి విన్నాను. ఇంకొంచెం తిప్పితే మాటలు కరిగిపోయాయి. వెనక్కి తిప్పాను.

ఒక్క లోపం మిగిలింది. ఒక ఆడమనిషి గొంతు అందరికంటే ముందు వస్తోంది, అందరి మీదా తేలుతోంది, కొసల్లో చీలుతోంది. మా పెట్టెలో ఒక సూది ఉంటుంది. అది ఎర్ర గీత దాటితే రికార్డు పాడైనట్టే. ఆమె వల్లనే దాటుతోంది. బృందంలో ఒక గొంతు విడిగా తెలియకూడదు. ఆమెను చివరి వరుసకు పంపండి. అప్పటికీ తగ్గకపోతే పెదవులు మాత్రం కదపమనండి.

కృపాదానం

*

మెదక్,
26 నవంబర్ 1948

కృపాదానానికి,

నీ ఉత్తరం పాట సాధనలో చదివాను. హైదరాబాద్ నుంచి ఉత్తరం వస్తే అందరి ముందూ చదవడం మన అలవాటు. ముందుగా ఒకసారి చూసుకోవలసింది, చూసుకోలేదు. పెద్దరికం తెలియని మైకు దగ్గర అందరూ నవ్వారు. స్తంభాలు లేచిన చోట నవ్వు ఆగింది, ఒకరిద్దరు తలెత్తి కప్పు వైపు చూశారు. చివరి మాటలు చదివేసరికి అందరూ ఒకే మనిషి వైపు చూశారు.

మార్తమ్మ లేచింది. "నాదేనా గా గొంతు?" అంది. నేను కాగితం మడిచాను. "చెప్పు టీచరమ్మా. మంచిగనే రాసిండు పిలగాడు. ఎనుకకు పోత తియ్యి" అంది. పోయి తలుపు దగ్గర నిలబడి పెదవులు కదిపింది.

ఆమె పాడుతోందని నీకు తెలియదా? మార్తమ్మ సంగతి అర్థమైందన్నావు. ఏం అర్థమైంది నీకు?

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. రేగోడ్ లారీ డ్రైవరు నర్సింగం చేతికి ఇస్తున్నాను. కనుక అంతా రాస్తాను. అక్టోబర్ చివర నర్సింగం బీదర్‌లో ఒక చాయ్ హోటల్లో గాబ్రియేలును చూశాడు. గ్లాసులు కడుగుతున్నాడట. "అరే, మీ అమ్మ రమ్మంటుంది రా" అనగానే చేతిలో గ్లాసు వదిలి వెనక తలుపు నుంచి ఉరికాడు. మళ్లీ పనిలోకి వచ్చాడని, మెదక్ మనిషి కనబడితే మాత్రం మాయమవుతాడని హోటల్ యజమాని చెప్పాడు. అతనికి ఎవరో "నీ కోసం మీ అమ్మను ఠాణాలో పెట్టిన్రు" అని చెప్పారట. ఆమె పేరు చెప్పి ఎవరు పిలిచినా పోలీసులు చెప్పించిన మాటే అనుకుంటున్నాడు. మార్తమ్మ తానే పోతానంది. నర్సింగం ఆపాడు. "నిన్ను ముందర వెట్టి ఎనుక పోలీసులు వస్తున్రనుకుంటడు. ఊరు మారిస్తే మల్ల యాడ ఎతుకుతవు?" అన్నాడు.

ఆ హోటల్లో రేడియో ఉంది. సాయంత్రమైతే ఆపరు. అందుకే నేను పాటకు ఒప్పుకున్నాను. తల్లి గొంతు మన చర్చిలో, మనవాళ్ల మధ్య వినబడితే ఆమె ఠాణాలో లేదని అతనికి తెలుస్తుంది. అది విడిగా తెలియాలి. నువ్వు వెనక్కి పంపమన్నది దాన్నే.

ఆమె మూగగా నిలబడ్డాక మూడుసార్లు మొదలుపెట్టాం. మూడుసార్లూ ఒకరికొకరు అందలేదు, పాట కిందికి జారిపోయింది. నన్ను ఎత్తుకోమన్నారు. ఎత్తుకున్నాను, నా పాటను ఎవరూ అందుకోలేదు. "ఎత్తుకునేటామె మూతి కుట్టిన్రు, ఇగ పాడుండ్రి మంచిగ" అని ఎలిశిబా బైబిలు సంచిలో పెట్టుకొని ఇంటికి పోయింది. మీ అన్న ఈ వారం నీ పేరు ఎత్తలేదు.

లిడియా

*

హైదరాబాద్,
1 డిసెంబర్ 1948

వదినా,

కాగితం మీద రాయననేసరికి గాబ్రియేలు చనిపోయాడనుకున్నాను. అందుకే అడగలేదు. కొడుకు పోయిన మనిషి పాటలో నిలబడదని అనుకున్నాను, అందుకే ఆ గొంతు ఆమెదని తట్టలేదు. నేను ఊరు విడిచినప్పుడు ఆమె గొంతు ఇట్లా లేదు. ఇది చీలిన గొంతు. ఇవి కారణాలు మాత్రమే. నేను చేసింది తప్పు.

నర్సింగం ఎదురుగా ఉండగానే ఇంజినీర్ సాబ్‌కు అంతా చెప్పాను. ఆయన రికార్డు మళ్లీ పెట్టి, నన్ను ఆ ఒక్క గొంతునే వినమన్నారు. విన్నాను. ప్రతి చరణం ఆమె దగ్గర మొదలవుతోంది. ఆమె మాట నేల మీద పడ్డాకే మిగిలిన పందొమ్మిది మంది దాని మీద అడుగు పెడుతున్నారు. శ్రుతి జారబోయిన చోటల్లా ఆమె పట్టుకుంటోంది. "ఏక్ ఆవాజ్ పర్ సబ్ ఖడే హైఁ" అన్నారు సాబ్. అందరూ నిలబడింది ఒక్క గొంతు మీద. నేను తీసేయమన్నది పాట కింది నేలను.

ఇప్పుడు చేసేది వినండి. 14న వస్తున్నాం. మూడు మైకులు. ఒకటి బృందానికి, ఒకటి మార్తమ్మకు, ఒకటి వెనక కర్ర మీద. ఆమె ఎప్పటి చోటులోనే నిలబడుతుంది. ఆమె మైకును నోటికి ఎదురుగా కాకుండా పక్కగా పెడతాను. అప్పుడు ఎంత ఎత్తి పాడినా సూది గీత దాటదు. ఆమెను తగ్గమని ఎవరూ చెప్పకండి.

మొదటి రెండు చరణాలు అందరూ సమానం. బృందగానం బృందగానంగానే ఉండాలని ఆఫీసు నియమం. మూడో చరణంలో బృందం మరను నేను సగానికి దించుతాను, ఆమె బయటికి వస్తుంది. ఇది బృందానికి చెప్పకండి. చెబితే వాళ్లూ తగ్గిస్తారు. నా తగ్గింపు, వాళ్ల తగ్గింపు కలిస్తే పాట కూలిపోతుంది. రికార్డు మీద గీసింది తరువాత దిద్దలేం. మా దగ్గర ఉన్న ఖాళీ రికార్డులు రెండే. కొత్తవి జనవరి దాకా రావు.

ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి.

కృపాదానం

*

మెదక్,
15 డిసెంబర్ 1948

కృపాదానానికి,

పాట పాడైందా? నిన్న ఒక్క మాట చెప్పకుండా బండి కదిలింది. మార్తమ్మ పొద్దున్నే వచ్చి గడప దగ్గర నిలబడింది. "పాడైందా టీచరమ్మా? మల్ల పాడుమంటే పాడత" అంది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను.

నేను ఎవరికీ చెప్పలేదు. దేవుని ముందు చెబుతున్నాను. నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. కానీ బీదర్ సంగతి మార్తమ్మ నోట విని, నువ్వు రాకముందే ఎలిశిబా అందరినీ మెట్ల దగ్గర పోగు చేసిందట. "మూడో చరణంల మనమందరం మూతి మూసుకొని రాగం తియ్యాలె. మార్తక్క ఒక్కతే మాట చెప్పాలె. గా పిలగానికి ఇనవడాలె. టీచరమ్మకు చెప్పకుండ్రి, మరిది మాట ఇంటది" అన్నదట. నాకు ఇవాళ తెలిసింది.

లోపల ఏమైందో నువ్వు చూడలేదు కనుక రాస్తున్నాను. మొదటిసారి విమానం పోయింది, ఆపమన్నారు. రెండోసారి రెండు చరణాలు సాఫీగా సాగాయి. మూడోది మార్తమ్మ ఎత్తుకుంది. ఎవరూ అందుకోలేదు. పెదవులు మూసి సన్నగా రాగం మాత్రం తీశారు. అదే క్షణాన నువ్వు అక్కడ మర దించుతున్నావని ఆ చర్చిలో నాకొక్కదానికే తెలుసు. చేయి ఎత్తి పాడమని సైగ చేశాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. ఆమె వైపు చూస్తున్నారు.

మార్తమ్మ భయపడలేదు. ఒక్కో మాట చెప్పి ఆగింది. మాట పైకి పోయి, దిగి, పూర్తిగా అణగిన తరువాతే రెండోది ఎత్తుకుంది. అట్లా ఆగమని ఎవరూ చెప్పలేదు. మీ అన్న చేతులు హార్మోనియం మీద లేవు. తరువాత అడిగితే "నేను ఎత్తలేదు, అవే లేచాయి" అన్నారు. చివరి మాట అయ్యాక ఎవరూ ఆమెన్ అనలేదు. బయట మీ సైనికుడు ఒకడు టోపీ తీసి చేతిలో పట్టుకొని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

పాడైతే పాడైందని రాయి. అబద్ధం రాయకు.

లిడియా

*

హైదరాబాద్,
20 డిసెంబర్ 1948, సోమవారం

వదిన గారికి నమస్కారాలు.

పాట పాడు కాలేదు. చీకటి పడకముందు అడవి దాటాలని అప్పుడూ మాట్లాడనివ్వలేదు. పైగా రికార్డును ఇక్కడ వినిపించి ఒప్పించేదాకా నా దగ్గర చెప్పేందుకు మాట లేదు.

బండిలో జరిగింది ఇది. మూడో చరణం రాగానే బృందం మర సగానికి దించాను. ఉన్నట్టుండి బృందమే లేదు. నా చేయి తప్పిందనుకున్నాను. సూది కింద పడుకుంది. మర పైకి తిప్పబోయాను. ఇంజినీర్ సాబ్ నా మణికట్టు పట్టుకున్నారు. "హాథ్ మత్ లగావ్", ముట్టుకోవద్దు అన్నారు. చెవుల్లో మార్తమ్మ ఒక్కతే ఉంది, చీలిన కొసతో సహా. అంత పెద్ద చోటులో అంత ఒంటరిగా ఒక గొంతును నేను ఎప్పుడూ వినలేదు. సాబ్ నా చేయి వదిలి, వెనక మైకు మరను తానే మెల్లగా తిప్పారు. ఆమె ఒక మాట చెప్పింది. చర్చి ఆ మాటను తీసుకొని పైకి పోయింది. సన్నని రాగం ఎక్కడో కింద ఉంది. అది పందొమ్మిది మంది అని తెలియదు, రాయే పలుకుతున్నట్టు ఉంది. నేను కలిపింది అందులో ఏమీ లేదు. సూది ఒక్కసారి కూడా ఎర్ర గీత తాకలేదు. అయిపోయాక సాబ్ హెడ్‌ఫోన్లు తీసి తుడుచుకున్నారు, ముఖం కూడా అదే గుడ్డతో.

శనివారం పెద్దవాళ్ల ముందు వినిపించాం. ఒక గొంతు విడిగా తెలుస్తోందని ఒక అధికారి అన్నారు. "జీ హాఁ, తెలుస్తోంది" అన్నారు సాబ్. ఇంకో రికార్డు లేదని కూడా చెప్పారు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. రెండోసారి విన్నాక ఆ అధికారి సంతకం చేశారు. ఎలిశిబాకు నా నమస్కారాలు చెప్పండి. నేను వేసిన లెక్క ప్రకారమైతే ఆ పాట కూలిపోవాలి. ఎందుకు నిలబడిందో సాబ్‌ను అడిగాను, తనకూ తెలియదన్నారు.

శుక్రవారం, 24న సాయంత్రం ఏడుంబావుకు కార్యక్రమం మొదలవుతుంది. మన కీర్తన రెండోది. మార్తమ్మను దవాఖానా రేడియో దగ్గర కూర్చోబెట్టండి, ఆ పూట అన్నను పక్కనే ఉండమనండి. నర్సింగం గురువారమే ఉప్పు బస్తాలతో బీదర్ చేరతాడు. హోటల్ యజమానికి మన స్టేషన్ పెట్టమని మాత్రం చెబుతాడు. లోపల కూర్చోడు. పాట అయ్యాక లారీని రోడ్డుకు అవతల, హోటల్లోంచి కనబడేటట్టు రాత్రంతా నిలుపుతాడు. ఎవరినీ పిలవడు. శనివారం పొద్దున ఆరు గంటలకు లారీ అక్కడి నుంచి మెదక్ బయలుదేరుతుంది. డ్రైవరు పక్క సీటులో ఎవరినీ ఎక్కించుకోవద్దని చెప్పాను.

మీ మరిది,
కృపాదానం